మూడో వారం

ఐ.పోలవరం,
10-2-1997.

తమ్ముడు ప్రసాద్‌కి,

అక్క తులసి రాస్తున్న ఉత్తరం. నువ్వు విశాఖపట్నంలో మందుల చదువు చదువుతున్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. మీ బావని అడిగితే, "డాక్టరమ్మగారు ఇచ్చేరు కదా, వేసేసుకో" అంటారు తప్ప ఇంకేం చెప్పరు.

తుఫాను వెళ్ళిన దగ్గర్నించీ నేను బాగానే ఉన్నానని నీకు రాస్తూ వచ్చాను. అది నిజం కాదు. పొద్దున్న గోడవైపు తిరిగి కూర్చుంటే మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోతున్నానట. పొయ్యి మీద అన్నం మాడిపోయినా లేవలేదట. పోయిన గురువారం మీ బావ నన్ను అమలాపురం తీసుకెళ్ళారు. అక్కడ డాక్టర్ జ్ఞానమ్మగారని ఒకావిడ చాలాసేపు మాట్లాడి, చిన్న మాత్రలు రాసిచ్చారు. చీటీ మీద ఇమిప్రమిన్ అని ఉంది. నాలుగు రోజులుగా వేసుకుంటున్నాను. నోరు ఎండిపోతోంది, చేతులు కొంచెం వణుకుతున్నాయి. అంతకుమించి ఏమీ లేదు. ఇది ఒంట్లోకి వెళ్ళి ఎక్కడ ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా రాయి.

మా అత్తగారు నూకాలమ్మగారు ఇంకా లావణ్య కోసం తిరుగుతూనే ఉన్నారు. శవం దొరకలేదు కాబట్టి కూతురు ఎక్కడో ఒడ్డున బతికే ఉందంటారు. నిన్న యానాం వెళ్ళి వచ్చారు. మొదటి కెరటానికే లావణ్య కొట్టుకుపోయిందని నేను అందరికీ చెప్పిందే ఆవిడకీ చెప్పాను. మళ్ళీ మర్నాడు బయల్దేరారు.

ఒక సంగతి డాక్టరమ్మగారికి చెప్పలేదు. నా ఎడమ చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉంటోంది. ఎండలో పెట్టినా అంతే. దానికీ మాత్ర పనిచేస్తుందా?

మీ అక్క,
లక్ష్మీతులసి.


విశాఖపట్నం,
18-2-1997.

అక్కకి,

నమస్కారాలు. ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. తుఫాను తర్వాత ఒక్కసారి, అదీ రెండు రోజులు వచ్చి వెళ్ళిపోయాను. అప్పుడే చూడవలసింది.

నువ్వు అడిగింది చెబుతాను. మెదడులో కోట్ల కణాలు ఉంటాయి. ఒక కణం ఇంకో కణాన్ని తాకదు. మధ్యలో కంటికి కనిపించనంత సన్నని సందు ఉంటుంది. ఈ కణం ఒక రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది, అది అవతలి కణాన్ని తాకి కబురు చెబుతుంది. సెరటోనిన్, నార్ అడ్రినలిన్ అని వాటి పేర్లు. కబురు అందాక ఆ రసాయనాన్ని వదిలిన కణమే మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది. అందుకోసం దాని గోడలో ప్రొటీన్‌తో చేసిన దారి ఉంటుంది. రొయ్యల చెరువుకి తూము ఉన్నట్టు అనుకో. నీ మాత్రలోని అణువు వెళ్ళి ఆ తూములో ఇరుక్కుంటుంది. లోపలికి పోవలసిన రసాయనం పోలేక సందులోనే నిలబడుతుంది. కబురు ఎక్కువసేపు వినిపిస్తుంది.

తూము కొన్ని గంటల్లోనే మూసుకుపోతుంది. అయినా మనిషికి తేడా తెలియడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. నిలిచిపోయిన రసాయనానికి కణాలు మెల్లగా సర్దుకోవాలంటారు.

ఒక్క జాగ్రత్త. కాళ్ళలోకీ చేతుల్లోకీ బలం ముందు వస్తుంది, మనసు తేలికపడటం తర్వాత. ఆ మధ్య రోజుల్లో, అంటే మూడో వారం అటూ ఇటూ, ఒంటరిగా ఉండకు. మాత్రలు బావగారి దగ్గర ఉంచు.

చెయ్యి చల్లగా ఉండటానికి మందుతో సంబంధం లేదు. డాక్టరమ్మగారికి తప్పకుండా చెప్పు. మా ల్యాబులో కూడా ఇదే మందు మీద పని చేస్తున్నాం.

నీ తమ్ముడు,
ప్రసాద్.


ఐ.పోలవరం,
28-2-1997.

ప్రసాదూ,

ఇది ఇరవై రెండో రోజు. నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. నిద్ర పడుతోంది. మొన్న నా అంతట నేను లేచి పెరడు ఊడ్చాను. మీ బావ వల బాగుచేసుకుంటూ నన్నే చూస్తున్నారు. "తులసీ, నువ్వేనా" అన్నారు. "ఆయ్, నేనే" అన్నాను.

మా ఇంటి వెనక పాయ నీకు తెలుసు కదా. పోటు ఎక్కడం అయిపోయి, ఆటు ఇంకా మొదలవని వేళ ఒకటి ఉంటుంది. ఓ పావుగంట నీళ్ళు ఎటూ కదలవు. గడ్డిపరక వేస్తే వేసిన చోటే ఉంటుంది. ఆ వేళకి నేను రేవులోకి వెళ్తున్నాను. రోజుకో వేళ వస్తుంది, నాకు ముందే తెలిసిపోతోంది. ఇంట్లో ఉన్నా నీళ్ళు ఆగడం వినిపిస్తోంది.

అప్పుడు లావణ్య మాట్లాడుతుంది. గట్టిగా కాదు. పక్కన ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు. "చేతులాడించు వదినా" అంటుంది. అంతే. ఆటు మొదలవగానే ఆపేస్తుంది.

భయం వెయ్యడం లేదు. ఇదివరకు కూర్చున్న చోటునుంచి లేచి వెళ్ళలేకపోయేదాన్ని కదా, ఇప్పుడు వెళ్ళగలుగుతున్నాను. మందు గొప్పదే.

మీ ల్యాబులో ఈ మందు ఎవరికి ఇస్తారు? మనుషులకా? వాళ్ళు తేరుకున్నారని మీకు ఎలా తెలుస్తుంది?

మీ అక్క.


విశాఖపట్నం,
6-3-1997.

అక్కా,

ముందు ఇది చదువు. ఆ వేళకి పాయ దగ్గరికి వెళ్ళకు. గొంతు వినిపిస్తోందని డాక్టరమ్మగారికి చెప్పు. వెంటనే అమలాపురం వెళ్ళండి. నాకు మాట ఇవ్వు.

అడిగావు కాబట్టి దాచను. మందు ఎలకలకి ఇస్తాం. నిలువుగా ఉండే పెద్ద గాజు పాత్రలో నీళ్ళు పోసి ఎలకని అందులో వదులుతాం. కాళ్ళు అందవు, ఎక్కడానికి అంచు అందదు. మొదట తెగ ఈదుతుంది. గోడలు గీకుతుంది. కొంతసేపటికి మానేసి, ముక్కు ఒక్కటీ పైకి పెట్టి కదలకుండా తేలుతుంది. రెండో రోజు మళ్ళీ ఐదు నిమిషాలు వదులుతాం. మందు ఇవ్వని ఎలక త్వరగా ఈత ఆపేస్తుంది. మందు పడినది ఎక్కువసేపు ఈదుతుంది. ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో నేను గడియారం పట్టుకుని రాస్తాను. తర్వాత తీసి, తుడిచి, దీపం కింద వెచ్చబెడతాం. ఆశ వదులుకున్న ఎలక తేలుతుందని, ఈదేది ఇంకా వదులుకోలేదని పుస్తకాల్లో రాస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. తుఫాను మర్నాడు పొద్దున్న నేను ల్యాబులోనే ఉన్నాను. మన వైపు సంగతి అప్పటికి మాకు తెలియదు. నోట్‌బుక్ తీసి చూశాను. నవంబరు ఏడు, ఏడు గంటల పది నిమిషాలు. ఆరో ఎలక, నూట డెబ్భై సెకన్లు కదలకుండా. నా అక్షరాలే. ఆ వేళకి నువ్వు నీళ్ళలో ఉన్నావు.

నాలుగు నెలలుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. నీ దగ్గరికి మళ్ళీ రాలేకపోయింది అందుకే.

ప్రసాద్.


ఐ.పోలవరం,
14-3-1997.

తమ్ముడూ,

నువ్వు దాచింది చెప్పావు. నేనూ చెబుతాను. మీ బావకి తెలియదు, అత్తగారికి తెలియదు.

తుఫాను రోజు లంకలో, చెరువు గట్టు మీది కాపలా ఇంట్లో లావణ్యా నేనే ఉన్నాం. మీ బావ కాకినాడలో ఉన్నారు. అత్తగారు చుట్టాలింటికి వెళ్ళారు. దీపాలు పెట్టే వేళకి నీళ్ళు వచ్చాయి. కెరటంలా రాలేదు. నేల పైకి లేచినట్టు వచ్చాయి. ఇంటి దూలం ఒకటి ఊడి తేలింది. దానికి అటు లావణ్య, ఇటు నేను. నాకు ఈత రాదని నీకు తెలుసు. అది పదహారేళ్ళ పిల్ల, చేపలా ఈదుతుంది. దూలం మీదుగా నా ఎడమ మణికట్టు పట్టుకుంది. "చేతులాడించు వదినా, ఒడ్డు దగ్గరే" అంటూ కాళ్ళతో తన్నుతూ దూలాన్ని తోసింది. ఎటు ఒడ్డో ఎవరికీ కనిపించదు. గాలి.

కొంతసేపు ఆడించాను. తర్వాత మానేశాను. అలిసిపోయాననీ చెప్పలేను, భయమనీ చెప్పలేను. గడ్డం దూలం మీద ఆనించి ఊరుకున్నాను. అది మాత్రం మానలేదు. ఇద్దరి కోసం ఈదింది. నన్ను తిట్టింది కూడా. చాలాసేపటికి మాటలు ఆగిపోయాయి. తెల్లారాక చూస్తే తల నీళ్ళలో ఉంది. చెయ్యి మాత్రం నా మణికట్టు మీదే బిగుసుకుపోయి ఉంది.

దూలం మడచెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. కొమ్మ అందుకోవాలంటే రెండు చేతులూ కావాలి. అప్పుడు దాని వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడదీశాను. ఐదు వేళ్ళు. చిటికెన వేలు చివర. ఆటు లాక్కుపోయింది. శవం దొరక్కపోవడానికి కారణం నేను.

ఇప్పుడు చెప్పు. తేలిన ఎలక ఆశ వదులుకుందని మీకు ఎవరు చెప్పారు? దాన్ని అడిగారా? నేను కదలడం మానేశాను కాబట్టే బతికాను. లావణ్య ఆశ వదులుకోలేదు, అందుకే పోయింది. మీ నోట్‌బుక్‌లో అయితే దానికి మంచి మార్కులు పడేవి.

మందు వేసుకుంటున్న కొద్దీ నా చేతి మీద దాని పట్టు సడలుతూ వచ్చింది. ఒక రోజు మూడు వేళ్ళే ఉన్నట్టు తెలిసింది. ఇంకో రోజు రెండు. మళ్ళీ నేనే విడదీస్తున్నట్టు అనిపించింది. అందుకని ఎనిమిది రోజుల కిందట మాత్రలు ఆపేశాను. మీ బావ ఇచ్చినవి బుగ్గన పెట్టుకుని ఊసేస్తున్నాను. నిన్నటికి ఐదు వేళ్ళూ తిరిగి వచ్చాయి.

నిన్న నీళ్ళు ఆగినప్పుడు రేవులో గుండెల లోతు దాకా దిగి చేతులాడించాను. బాగానే వచ్చింది. రేపు ఇంకొంచెం దూరం వెళ్తాను.

నువ్వు దిగులు పెట్టుకోకు. నేను స్థిమితంగా ఉన్నాను.

అక్క.


విశాఖపట్నం,
29-3-1997.

అక్కా,

నీ ఉత్తరం అందిన గంటకే బస్సెక్కిన సంగతి నీకు తెలుసు. కానీ నేను చూసింది నీకు చెప్పలేదు. అక్కడ నాలుగు రోజులున్నా నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో ఎవరూ లేరు. వెనక్కి పరిగెత్తాను. బావగారు అప్పటికే నీళ్ళలో ఉన్నారు, నిన్ను నడుం దగ్గర పట్టుకుని. నీళ్ళు మీ మెడల దాకా ఉన్నాయి. నువ్వు పెనుగులాడటం లేదు. చేతులు మాత్రం ఒకే తీరుగా ఆడిస్తున్నావు. ఒడ్డుకి తెచ్చాక కూడా, మట్టిలో కూర్చోబెట్టాక కూడా, అవి చాలాసేపు ఆగలేదు. ఒక్క మాట నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. బావగారు వల తీసుకుని పడవ మీద బయల్దేరారట. సగం దారిలో ఎవరో పిలిచినట్టై వెనక్కి తిప్పేరట. "ఎవరు పిలిచేరండీ?" అంటే, "ఆడగొంతుక బాబూ. తులసిది కాదు" అన్నారు.

డాక్టర్ జ్ఞానమ్మగారు మందు మళ్ళీ మొదలుపెట్టి, నీకు వినిపించే ఆ గొంతు పోవడానికి ఇంకొకటి చేర్చారు. దయచేసి మింగు. పట్టు సడలితే లావణ్యని మర్చిపోతావని భయపడుతున్నావు. ఆ అణువుకి లావణ్య ఎవరో తెలియదు. అది తూములో ఇరుక్కోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. జ్ఞాపకం ఉండే చోటు వేరు, దాన్ని ముట్టుకుంటే మనిషి మునిగిపోవడం వేరు అని నేను అనుకుంటున్నాను. నిరూపించలేను.

ఇక్కడికి వచ్చి ఒక ఎలకని నీళ్ళలో వదిలాను. అది తేలడం మొదలుపెట్టగానే గడియారం నొక్కలేకపోయాను. తీసేశాను. మా గైడ్ నారాయణమూర్తిగారు చూశారు. నీ ప్రశ్న ఆయన్ని అడిగాను, నీ పేరు చెప్పకుండా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎలక దిగులు పడిందని నేనెప్పుడూ అనలేదయ్యా ప్రసాదూ. మందు పడితే ఎక్కువసేపు ఈదుతుంది. మనం చూసింది అంతవరకే. ఆశ అనే మాట మనం అతికించింది" అన్నారు. ఆ మాట థీసిస్‌లో రాయవచ్చా అని అడిగితే రాయమన్నారు.

అత్తయ్యగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను చెప్పను.

ప్రసాద్.


ఐ.పోలవరం,
4-5-1997.

ప్రసాదూ,

మింగుతున్నాను. మొన్నటితో ఆరు వారాలు. నీళ్ళు ఆగే వేళ ఇప్పుడు నాకు తెలియడం లేదు. నిన్న పాయ గట్టున బట్టలు ఆరేస్తుంటే గడ్డి కదలకుండా ఉండటం చూసి, ఓహో ఇదే ఆ వేళ అనుకున్నాను. ఏమీ వినిపించలేదు. కొంచెంసేపు నిలబడి ఏడ్చాను. ఏడుపు రావడం తుఫాను తర్వాత అదే మొదలు.

అత్తగారికి చెప్పేశాను. ఆవిడ ఎవరో చెప్పారని ఓడలరేవు వెళ్ళడానికి సంచి సర్దుకుంటున్నారు. చూస్తూ ఊరుకోలేకపోయాను. గుమ్మంలో అడ్డంగా కూర్చుని మొత్తం చెప్పాను. వేళ్ళు విడదీసింది కూడా.

ఆవిడ ఏడవలేదు. నా ఎడమ చెయ్యి తీసుకుని మణికట్టు తిప్పి చూశారు. "నిన్ను తెచ్చిన రోజు నీకు నీళ్ళు పోసింది నేనే కదే. ఇక్కడ గోళ్ళ గాట్లు ఉన్నాయి. చిన్న గోళ్ళు. పట్టుకున్నది అదేనని అప్పుడే తెలిసింది" అన్నారు.

"మరి ఎందుకు తిరుగుతున్నారత్తా?"

"నువ్వు చెప్పేదాకా బతికుంటుంది కదా అని."

తర్వాత ఒక్కటే అడిగారు. "విడదీసినప్పుడు చెయ్యి వెచ్చగా ఉందా?"

"లేదత్తా. చల్లగా ఉంది."

"ఆయ్" అన్నారు. సంచిలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేశారు.

గోదారొడ్డున లావణ్యకి జరగవలసినవన్నీ మీ బావ జరిపించారు. బియ్యప్పిండితో బొమ్మ చేసి దహనం చేశారు. అయిపోయింది అనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మర్నాటినుంచి ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంటున్నారు. నేను కూర్చున్న చోటే, నేను కూర్చున్న తీరే. పిలిస్తే పలకరు. ముద్ద నోట్లో పెడితే నమలడం మర్చిపోతారు. మొన్న నా వైపు చూసి, నెమ్మదిగా, "చలేస్తోందంటోందే. దుప్పటి పట్టుకెళ్ళనా?" అన్నారు.

నా దగ్గరినుంచి వెళ్ళినది ఆవిడ దగ్గరికి వెళ్ళిందేమో అనిపించింది. ఇలా అనుకోవచ్చా?

అక్క.


విశాఖపట్నం,
11-5-1997.

అక్కా,

అలా అనుకోకు. ఇది ఒకరినుంచి ఇంకొకరికి ఎక్కేది కాదు. ఆరు నెలలు ఆవిడ నడకతో ఆపుకున్న దుఃఖం ఇప్పుడు మీద పడింది. అది కూడా జబ్బే, దానికీ మందు ఉంది. అమలాపురం తీసుకెళ్ళు. వయసు మీరినవాళ్ళకి ఈ మందు గుండె మీద పనిచేస్తుంది, కాబట్టి ముందు గుండె పరీక్ష చేయించమని అడుగు. తక్కువ మోతాదుతో మొదలుపెడతారు.

మూడు వారాలు ఎందుకు పడుతుందో తెలియదని ముందు రాశాను. ఇప్పుడు మా సార్ కొత్తగా వచ్చిన పరిశోధనలు చదివిస్తున్నారు. తూము మూసుకుని రసాయనం నిలిచాక, అవతలి కణం లోపల ఒకదాని వెనక ఒకటి కబుర్లు సాగి, కణం నడిబొడ్డున ఉన్న జన్యువుల దాకా చేరతాయట. అక్కడ మూసి ఉన్నవి కొన్ని తెరుచుకుంటాయి. కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసుకుని, ఎండిన కొమ్మలు మళ్ళీ చాపుతుందని ఊహ. ఇంకా ఊహే. నిజమైతే, మాత్ర మనిషిని బాగుచెయ్యదు. కణాలు తమంత తాము బాగుపడటానికి వ్యవధి ఇస్తుంది. ఆ పని నెమ్మదిగానే జరుగుతుంది.

మూడో వారం సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు.

నీ తమ్ముడు,
ప్రసాద్.


ఐ.పోలవరం,
20-7-1997.

చిరంజీవి ప్రసాద్‌కి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. నీ థీసిస్ సగం అయిందన్నావు, సంతోషం. ఆశ గురించి మీ గైడ్‌గారు అన్న మాట ఏ పేజీలో వచ్చిందో నాకు రాయి.

అత్తగారికి గుండె బాగానే ఉందన్నారు. మందు జూన్ నెలలో మొదలుపెట్టారు. మూడో వారంలో ఆవిడ చేతులు కదలడం మొదలుపెట్టాయి. పగలంతా పక్కనే కూర్చున్నాను. ఆవిడ ఎటు వెళ్తే అటు వెళ్ళాను. ఒకసారి దుప్పటి పట్టుకుని రేవు దాకా నడిచారు. ఆపలేదు. చెయ్యి పట్టుకుని కూడా వెళ్ళాను. మెట్ల దగ్గర నిలబడి నీళ్ళకేసి చూసి, "ఇక్కడ లేదే" అన్నారు.

"లేదత్తా."

"ఎండ మండిపోతోంది, పద" అని తిరిగారు. ఆ దుప్పటి నేనే మోసుకొచ్చాను.

నా చెయ్యి వెచ్చగానే ఉంది. చేతి మీద ఇప్పుడు ఏమీ లేదు. కొన్ని రోజులు ఆ లేకపోవడం బరువుగా ఉంటుంది, కొన్ని రోజులు గుర్తే ఉండదు. డాక్టరమ్మగారు నన్ను ఇంకో ఆరు నెలలు మాత్రలు వేసుకోమన్నారు.

నీకు ఒక సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. అప్పటికే మామగారు సముద్రంలో పోయి చాలా కాలమైంది. అత్తగారు నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. నవ్వరేమో అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పీతలు తెచ్చి పళ్ళెంలో వేస్తే ఒకటి తప్పించుకుని మీ బావ లుంగీ అంచు పట్టుకుంది. ఆయన గెంతేరు. వంటింట్లో ఉన్న నాకు నవ్వు వినిపించింది. లావణ్య నవ్వు. గుటకలు వేసినట్టు మొదలై, చివర పైకి పోయి ఆగుతుంది. ఇంకెవరికీ అలా ఉండదు. గరిట చేతిలోనే ఉండిపోయింది. బయటికి వచ్చాను. మీ బావ ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోయారు. ఆయన ముఖం తెల్లబడిపోయింది.

అత్తగారు అరుగు మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ గొంతు ఆవిడదే.

నేనూ మీ బావా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఇంకా నవ్వుతూనే, "దాన్ని పట్టవే, మంచం కిందికి పోతోంది" అన్నారు.

మీ అక్క,
లక్ష్మీతులసి.